ఈ ఒడ్డున నాలుగు తాళాలు

శాంతి సేన నెలాఖరుకి వెళ్ళిపోతోందని రేడియోలో చెప్పిన రోజు, తాళాలమ్మ అత్తగారు ముందున్న కంచాన్ని పక్కకి జరిపింది.

"అయితే వాడు చావకుండానే వీళ్ళు పోతున్నారన్నమాట," అంది.

వాడంటే ఎవడో ఆ ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. ఐదేళ్ళుగా ముసలావిడ పొద్దున్నే లేవగానే కోడల్ని అడిగే మొదటి మాట అదే. "వాడింకా ఉన్నాడా?" "ఉన్నాడత్తయ్యా." "సరే, నీళ్ళు తోడు." అంతకు మించి ఏడుపూ లేదు, శాపనార్థాలూ లేవు. బయట చినుకులు పడుతున్నాయా అన్నంత మామూలుగా అడిగేది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆవిడ ప్రాణాన్ని ఆ ఒక్క ప్రశ్నే నిలబెడుతూ వచ్చింది.

తాళాలమ్మకి ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. తాళాల కొట్టు ఆమె తండ్రి నాటిది. ఆయన దగ్గర పని నేర్చుకుందామని వచ్చినవాడే, తల్లిని వెంటబెట్టుకుని ఆ ఇంట్లోనే స్థిరపడి, ఆమెకి మొగుడయ్యాడు. పనిలో మాత్రం ఎప్పుడూ ఆమెదే పైచెయ్యి. ఆ మాట అతనే కొట్టుకొచ్చిన వాళ్ళకి చెప్పి నవ్వేవాడు. "మా కొట్లో తాళాలు రెండు రకాలండీ. మా ఆవిడ చేసినవి, తిరిగొచ్చినవి."

ఆ ఊరు ఒక ఏటికి రెండు ఒడ్ల మీదా పరుచుకుని ఉంటుంది. మధ్యన ఒకటే వంతెన. రాజధానిలో ప్రభుత్వం కుప్పకూలి, పోలీసులు జీతాల్లేక యూనిఫాంలు విప్పేసి ఎవరిళ్ళకి వాళ్ళు పోయాక, ఈ ఒడ్డు మాస్టారి చేతికి చిక్కింది, ఆ ఒడ్డు లారీలాయన చేతికి చిక్కింది. లారీలాయనకి నిజంగానే లారీలుండేవి. మాస్టారు కూడా నిజంగానే ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పినవాడే. గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మనిషిని చంపమని చెప్పేటప్పుడు కూడా "కాస్త ఆ పని చూడు నాయనా" అనేవాడట.

శాంతి సేన వచ్చిన మరుసటి ఏడు, ఎవరో అవతలి ఒడ్డుకి కబుర్లు చేరవేస్తున్నారన్న అనుమానంతో మాస్టారి మనుషులు తాళాల వీధిలోకి దిగారు. దొరికిన మగవాళ్ళని దొరికినట్టు పట్టుకోబోతే, పన్నెండు మంది తప్పించుకుని శాంతి సేన శిబిరం వైపు పరుగెత్తారు. వాళ్ళలో తాళాలమ్మ మొగుడొకడు. వెనకాలే ఆమె కూడా పరుగెత్తింది గాని, రోడ్డు దాటేలోపు మాస్టారి మనుషులు అడ్డొచ్చారు. ఎదురుగా ఉన్న బట్టల కొట్టు పంచన నిలబడి అంతా చూసింది.

గేటు లోపల తెల్ల బళ్ళు, ఇసుక బస్తాలు, ముప్ఫై మంది దాకా సైనికులు. గేటు బయట పన్నెండు మంది చేతులు జోడించుకుని. లోపలున్న అధికారి అప్పటికి కెప్టెన్. వైర్‌లెస్‌లో పైవాళ్ళని అడిగాడు. శిబిరాన్ని కాపాడుకోవడం వరకే తమకున్న ఆజ్ఞ అని, మిగతాదానికి జవాబు వచ్చేదాకా ఆగమని పైవాళ్ళు చెప్పారు. ఇరవై నిమిషాలైంది. ఈలోగా మాస్టారు లారీలో వచ్చి దిగి, కెప్టెన్‌కి నమస్కారం పెట్టి, ఇది మా ఇంటి గొడవండీ అన్నాడు. పన్నెండు మందినీ లారీ ఎక్కించారు. తాళాలమ్మ మొగుడు గేటు కడ్డీని ఎంతకీ వదలకపోతే ఒక్కో వేలూ పట్టి విడదీశారు. కెప్టెన్ లోపల్నుంచి లారీ నంబరు పుస్తకంలో రాసుకున్నాడు.

వాళ్ళేమయ్యారో చెప్పినవాడు లేడు. తాళాలమ్మ ఏడుసార్లు ఫిర్యాదు పెట్టింది. ఏడుసార్లూ అందిందని ముద్ర వేసిన కాగితం ఇచ్చారు.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ పన్నెండు మంది వార్త ఎక్కడెక్కడికో పాకి, శాంతి సేనకి ఇంకో వెయ్యి మంది తోడయ్యారు, కొత్త ఆజ్ఞలొచ్చాయి, రాజధానిలో మళ్ళీ ఒక ప్రభుత్వం నిలబడింది. రెండు ఒడ్ల వాళ్ళనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి సంతకాలు పెట్టించారు. తుపాకులన్నీ ఇనప కంటెయినర్లలోకి పోయాయి. మూడేళ్ళపాటు ఊళ్ళో తుపాకి పేలలేదు. వంతెన మీద బస్సు తిరిగింది. పిల్లలు బడికెళ్ళారు. అత్తగారి కంట్లో శుక్లం తీసింది కూడా శాంతి సేన డాక్టరే. కట్టు విప్పాక ఆవిడ అటూ ఇటూ చూసి, "చూపైతే ఇచ్చారు. చూడ్డానికేం మిగిల్చారు?" అంది. డాక్టరుకి భాష రాక, ఆవిడ మెచ్చుకుంటోందనుకుని నవ్వాడు.

కంటెయినర్లు ఒక్కో ఒడ్డున నాలుగు. ఒక్కోదానికి రెండేసి తాళాలు. ఒకదాని చెవి శాంతి సేన దగ్గర, రెండోదాని చెవి ఆ ఒడ్డు నాయకుడి దగ్గర. ఇద్దరూ కలిస్తే తప్ప తలుపు తెరుచుకోదు. నాయకుల దగ్గరుండే ఆ ఎనిమిది తాళాలూ చేసే పని తాళాలమ్మకొచ్చింది. మూడు నెలలకోసారి ఇరుపక్షాల ఎదుటా విప్పి, నూనె వేసి, బిగించి వచ్చేది. ఈ ఒడ్డు చెవి మాస్టారి చేతిలోంచే అందుకునేది. మాస్టారు ఆమెని ఏనాడూ పోల్చుకోలేదు.

రేడియో వార్త విన్నాక పది రోజులు ఆమె కొట్టు తలుపు ఓరగా వేసుకుని పని చేసింది. గోరంత పలచని ఇత్తడి ఆకులు ఎనిమిది, ఆకురాయితో అరగదీసి తయారుచేసింది. తాళం లోపల దాన్ని ఓ చిన్న కొక్కేనికి తగిలించి వదిలేస్తే, మొదటి రెండుసార్లు చెవి మామూలుగానే తిరుగుతుంది. మూడోసారి తిప్పబోతే ఆకు జారి గడియ వెనక అడ్డం పడుతుంది. ఇక ఏ చెవికీ లొంగదు. నీళ్ళు పోవడానికి తాళం అడుగున ఉండే కన్నంలోంచి తీగ దూర్చి, ఆకుని సరిగ్గా చోటు చూసి పైకి లేపాలి. ఆ చోటు చేసినవాళ్ళకే తెలుస్తుంది.

"ఏం చేస్తున్నావే?" అంది అత్తగారు.

"మీ ప్రశ్నకి జవాబు చేస్తున్నానత్తయ్యా."

ముసలావిడ ఆ పూట కోడలికి తనే వడ్డించింది.

చివరి తనిఖీ ముందు ఈ ఒడ్డున జరిగింది. బల్ల మీద గుడ్డ పరిచి, మాస్టారి నాలుగు తాళాలూ విప్పి, తుడిచి, నాలుగింట్లో నాలుగు ఆకులు అమర్చింది. మాస్టారు పక్కనే కూర్చుని చూశాడు. "నీ చేతిపని ముచ్చటగా ఉంటుందమ్మా," అన్నాడు. చెవి పెట్టి తెరిచింది, మూసింది. రెండుసార్లూ చక్కగా తిరిగింది. అందరూ సంతకాలు పెట్టారు.

మర్నాడు అవతలి ఒడ్డు. సంచిలో మిగతా నాలుగు ఆకులున్నాయి. లారీలాయన మనుషులు ఆమెకి కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. తాళం విప్పి ముందు పెట్టుకుంది. సంచిలోకి చెయ్యి వెళ్ళింది, అక్కడే ఆగింది.

ఎనిమిది చేసేటప్పుడు ఆమెకి రెండు ఒడ్లూ మనసులో ఉన్నాయి. ఇప్పుడు లేవు. లారీలాయన తనకేం చెయ్యలేదు, అదొకటి. అసలు సంగతి వేరే. తుపాకి లేని మాస్టారు ఇంట్లో కూర్చుని, ముసలివాడై, మంచం మీద పోతాడు. అది ఆమెకి చాలదు. ఎవరో ఒకరు తుపాకి పట్టుకుని అతని మీదికి రావాలి. ఆమె సంచిలోంచి నూనె సీసా మాత్రం తీసింది. నాలుగు తాళాలకీ నూనె వేసి, బిగించి, చెవి పెట్టి చూసింది. వెన్నలా తిరిగాయి.

తిరిగొచ్చేటప్పుడు తెల్ల బండిలో ఆమె పక్కన మేజర్ కూర్చున్నాడు. ఆనాటి కెప్టెనే. మధ్యలో స్వదేశానికి వెళ్ళి, మేజరై, అడిగి మరీ మళ్ళీ ఇక్కడికే వచ్చాడని చెప్పుకునేవారు. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నాడు.

"రెండు వైపుల తాళాలు మంచివి కదా?" అన్నాడు.

"మంచివే."

"కొత్త పోలీసులు రెండు వందల మంది రాజధాని నుండి వచ్చుచున్నారు. నలభై రోజులు పట్టును. అంతవరకు మా తాళాల చెవులు మంత్రిత్వ శాఖ అధికారి తన వద్ద ఉంచుకొనును అని చెప్పిరి. నాకు నమ్మకం లేదు. అందుకని మందుగుండు పెట్టెలు తలుపుల వైపు పెట్టించితిని. ఎవరూ తలుపులను నిప్పుతో కోయలేరు. ఇక మీ తాళాలు నలభై రోజులు ఆగితే చాలు."

తాళాలమ్మ కిటికీలోంచి ఏటిలోకి చూసింది. సంచిలో నాలుగు ఆకులున్నాయి. బండి ఇంకా వంతెన మీదే ఉంది. ఒక తాళానికి నూనె సరిపోలేదు, వెనక్కి పోనివ్వండి అంటే చాలు.

"ఆ రోజు," అన్నాడు మేజర్, "గేటు నేను తెరవలేదు."

"తెలుసు. ఎదురుగా నేనే ఉన్నాను."

అతని మొహం పాలిపోయింది. "నేను ప్రతి దినము..."

"మీ దినాల సంగతి నాకెందుకండీ," అంది. బండి వంతెన దిగింది.

శాంతి సేన చివరి బళ్ళు నెలాఖరు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళాయి. పిల్లలు రోడ్డు పక్కన నిలబడి చేతులూపారు. మంత్రిత్వ శాఖ అధికారి అనే పెద్దమనిషి, చెవుల గుత్తి తన దగ్గరుంటే తలకాయ ఉండదని తెలిసినవాడు, పది నిమిషాల్లో ఈ ఒడ్డు చెవులు మాస్టారికి, ఆ ఒడ్డు చెవులు లారీలాయనకి పంపేసి కారెక్కాడు.

పదింటికి తాళాలమ్మ కోసం మనుషులొచ్చారు. ఆమె సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "పని చూసుకుని రా," అంది.

శాంతి సేన ఖాళీ చేసిన శిబిరం ఆవరణలో, ఈ ఒడ్డు కంటెయినర్ల చుట్టూ వంద మంది దాకా మాస్టారి మనుషులు ఖాళీ చేతులతో కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. వెల్డింగ్ మేస్త్రి అప్పటికే వచ్చి, తలుపు సందులోంచి మందుగుండు పెట్టెలు చూసి చేతులెత్తేశాడు. "చంపితే చంపండి గాని, దీనికి నేను నిప్పు తగిలించను. నాతోపాటు మీరూ పోతారు," అంటున్నాడు.

"రా అమ్మా," అన్నాడు మాస్టారు. "నాలుగూ మొరాయిస్తున్నాయి. నిన్న మొన్నటిదాకా బానే ఉన్నాయి కదా."

ఆమె తాళం ముందు కూర్చుని, తట్టి, చెవి తిప్పి చూసింది. "గంట పడుతుందండి."

"గంట లేదు. అవతల వాడు కూడా తెరుస్తుంటాడు."

"అయితే నాకో మాట చెప్పండి. చెబితే చేతులు త్వరగా ఆడతాయి. ఈ గేటు దగ్గర్నుంచి పన్నెండు మందిని తీసుకెళ్ళారు. వాళ్ళెక్కడున్నారు?"

మాస్టారు నొసలు చిట్లించాడు. కోపంతో కాదు, జ్ఞాపకం తెచ్చుకోవడానికి. "ఏ పన్నెండు మంది?"

ఆమె తాళం మీంచి చెయ్యి తీసింది. "ఐదేళ్ళ క్రితం. తాళాల వీధివాళ్ళు."

"ఆఁ, వాళ్ళా. ఇటుక బట్టీ వెనక మట్టి తీసిన గొయ్యి ఉంది చూడు, అందులో. నీ మనిషెవరు?"

"గేటు కడ్డీ వదలనివాడు."

"గుర్తున్నాడు. తాళాల పని వచ్చినవాడు, పనికొస్తాడు వదిలేద్దామన్నారు మావాళ్ళు. నేనే వద్దన్నాను. పన్నెండు మందని అందరి ముందూ చెప్పాక పదకొండు చూపిస్తే లెక్క తప్పుతుంది కదమ్మా." లెక్క అర్థంకాని పిల్లకి చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు. "ఇక కానియ్యి."

తాళాలమ్మ పనిముట్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టింది.

"కింద కన్నంలోంచి తీగ పెట్టి ఒక ఆకుని లేపితే వస్తుంది," అంది. "చోటు నాకు తెలుసు. నేను లేపను."

వంతెన వైపు నుంచి మొదటి తుపాకి చప్పుడు అప్పుడే వినిపించింది. వాళ్ళ తాళాలు తెరుచుకున్నాయి.

మాస్టారు అప్పటికీ గొంతు పెంచలేదు. పక్కనున్నవాడికి కళ్ళతో సైగ చేశాడు. వాడు ఆమె సంచిలోని సుత్తి తీసి ఆమె కుడి మణికట్టు మీద కొట్టాడు, రెండుసార్లు. ఆమె అరిచింది గాని చోటు చెప్పలేదు. మూడో దెబ్బ పడేలోపు చప్పుళ్ళు దగ్గరయ్యాయి. సుత్తి పట్టుకున్నవాడు దాన్ని వదిలేసి గోడ దూకాడు. ఒకడు దూకాక ఇంకొకడు, వాడి వెనకాల పదిమంది. తుపాకి చేతికొస్తుందన్న ఆశతో వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో నిలబడడానికి రాలేదు.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని తాళం కన్నంలోకి తీగ దూర్చాడు. ఎక్కడ పొడవాలో తెలియక అక్కడా ఇక్కడా పొడుస్తుంటే తీగ వంగిపోయింది. చేత్తో సాగదీసి మళ్ళీ దూర్చాడు. "ఎటువైపమ్మా?" అన్నాడు. "కాస్త చెప్పు తల్లీ, ఎటువైపు?" లారీలు గేటుని గుద్దుకుని లోపలికొచ్చాయి. అతను తల తిప్పేలోపే కాల్చేశారు. కంటెయినర్ పక్కన నేలమీద, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, తాళాలమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది.

ఆమెకి కలిగింది సంతోషమే. తర్వాత ఎన్ని రకాలుగా ఆలోచించుకున్నా దానికి ఇంకో పేరు పెట్టలేకపోయింది.

కాని అది అక్కడితో ఆగలేదు. చేతులెత్తి లొంగిపోయినవాళ్ళని నలభై ముగ్గుర్ని లారీలాయన మనుషులు గోడ వారన నిలబెట్టి కాల్చారు. ఆ మధ్యాహ్నమే ఈ ఒడ్డు మీద పడ్డారు. బట్టల కొట్టు కాలింది, బడి కాలింది, వెల్డింగ్ మేస్త్రిని మాస్టారి మనిషివంటూ చంపారు. మూడు రోజుల తర్వాత ఊరు మొత్తం ఒకే చేతి కింద సద్దుమణిగింది. రాజధాని నుంచి బయల్దేరిన పోలీసులు సంగతి తెలిసి సగం దారిలోంచే వెనక్కి పోయారు. శాంతి సేనని మళ్ళీ పంపుతారా లేదా అని రేడియోలో పెద్దలు వాదించుకున్నారు. ఆ ఊళ్ళో శాంతి నిలవదని ఒకాయన, ఇంకో రెండు నెలలుంటే నిలిచేదని ఇంకొకాయన. తాళాలమ్మ రేడియో కట్టేసింది. నలభై రోజుల సంగతి ఆ ఇద్దరికన్నా ఆమెకే బాగా తెలుసు.

అత్తగారు మాస్టారు పోయిన మర్నాడు పొద్దున లేచి మంచం మీదే కూర్చుంది. ఏమీ అడగలేదు. రెండో రోజూ అడగలేదు. నాలుగో రోజున, "లేస్తే ఏం మాట్లాడాలో తోచట్లేదే," అంది.

వారానికి రోడ్లు కాస్త తెరిపినపడ్డాక, తాళాల వీధి ఆడవాళ్ళు పారలు, దుప్పట్లు తీసుకుని ఇటుక బట్టీకి వెళ్ళారు. చేతికి కట్టుతో తాళాలమ్మ, ఆమె భుజం పట్టుకుని అత్తగారు. అక్కడ అప్పటికే వేరే ఆడవాళ్ళు తవ్వుతున్నారు. లారీలాయన మనుషులు ఆ నలభై ముగ్గుర్నీ తెచ్చి అదే గోతిలో పడేశారు. పైన వీళ్ళు, అడుగున వాళ్ళు. పైవాళ్ళని తీస్తే గాని అడుగువాళ్ళు దొరకరు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండానే రెండు గుంపులూ కలిసి తవ్వడం మొదలుపెట్టాయి. తాళాలమ్మ ఎడమ చేత్తో తట్టలు అందించింది.

మధ్యాహ్నానికి గోతిలోంచి ఒకావిడ పైకొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కొడుకుని అప్పుడే దుప్పట్లో చుట్టి గట్టు మీద పడుకోబెట్టింది. తాళాలమ్మ కట్టు వైపు చూసింది.

"మాస్టారి తాళాలు చేసింది నువ్వేనటగా?"

"నేనే."

"ఆ ఒడ్డువి?"

"అవీ నేనే."

"మరి అవెలా తెరుచుకున్నాయి?"

అత్తగారి చెయ్యి భుజం మీద బిగుసుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. తాళాలమ్మ తప్పుకోలేదు.

"తెరుచుకోవాలనే అలా వదిలేశాను."

ఆవిడ కొంగుతో మొహం మీద మట్టి తుడుచుకుంది. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తాళాలమ్మ మొహాన్ని కళ్ళూ ముక్కూ నోరూ అన్నీ గుర్తుపెట్టుకునేలా నిదానంగా చూసింది. "ఇల్లెక్కడ?" అంది.

తాళాలమ్మ చెప్పింది. వీధి పేరు, కొట్టు గుర్తు, ఎడమ చేతివైపు ఎన్నో గుమ్మమో, అన్నీ సరిగ్గా చెప్పింది.

ఆవిడ తలాడించి, పార తీసుకుని మళ్ళీ గోతిలోకి దిగింది. అడుగున పన్నెండు మంది ఇంకా మిగిలే ఉన్నారు.